నిమిషం బొమ్మకు రేటెంత?

ఒకే నిడివి ఉన్న యానిమేషన్ వీడియోకు ఒకరు వేలల్లో చెబుతారు, ఇంకొకరు లక్షల్లో చెబుతారు. ఇద్దరి లెక్కా సరైనదే కావచ్చు. ఆ తేడా ఎక్కడ పుడుతుంది?

‘అన్నా, నిమిషంన్నర వీడియో. చిన్న పనే. ఎంత తీసుకుంటవ్?’

హైదరాబాద్ తార్నాకలో అద్దె గదిలో కంప్యూటర్ పెట్టుకున్న ఫ్రీలాన్స్ యానిమేటర్‌కు ఫోన్ వచ్చిందంటే మొదటి మాట ఇలాగే ఉంటుంది. ఆ చుట్టుపక్కల బొమ్మలతో చెప్పాల్సిన సంగతులకు కొదవ లేదు. ఒకపక్క ఉస్మానియా, ఇఫ్లూ క్యాంపస్‌లు, ఇంకోపక్క పరిశోధన సంస్థలైన ఐఐసీటీ, ఎన్ఐఎన్, నాలుగడుగులేస్తే హబ్సిగూడలో సీసీఎంబీ, ఎన్‌జీఆర్‌ఐ. థీసిస్‌ను నలుగురికీ అర్థమయ్యేలా చూపించాలనుకునే రీసెర్చ్ స్కాలర్ దగ్గర్నుంచి కోచింగ్ సెంటర్ వరకూ అందరూ అడిగేది నిమిషం రేటే. కానీ రేటును తేల్చేది, పని అప్పజెప్పేవాళ్లు ముందుగా ఏమేం నిర్ణయించుకున్నారన్నదే.

లెక్క ఫ్రేముల్లో

సెకనుకు 24 ఫ్రేములు. నిమిషంన్నరకు 2,160. ఒక్కో బొమ్మను రెండేసి ఫ్రేములు నిలిపినా చేత్తో గీయాల్సినవి 1,080. బాణాలు, అక్షరాలు, ఐకాన్లు కదిలే మోషన్ గ్రాఫిక్స్ అయితే ఇంత గీత అక్కర్లేదు కాబట్టి చౌకగా అయిపోతుంది. త్రీడీ అయితే మోడల్ చేయాలి, దాని లోపల కీళ్లు అమర్చి రిగ్ కట్టాలి, లైటింగ్ చూడాలి, ఆ తర్వాత కంప్యూటర్ ఒక్కో ఫ్రేమునూ తుది బొమ్మగా మార్చే రెండర్. ఫ్రేముకు ఐదు నిమిషాలు పడితే 2,160 ఫ్రేములకు 180 గంటలు. ఒక్క కంప్యూటర్ ఏడున్నర రోజులు ఆగకుండా నడవాలి. మధ్యలో కరెంటు పోతే ఆ భారమూ యానిమేటర్‌దే.

బొమ్మ మాట్లాడితే ఖర్చు ఇంకో మెట్టెక్కుతుంది. ప, బ, మ పలికేటప్పుడు పెదాలు కలవాలి. ‘అమ్మమ్మ’ అన్న ఒక్క మాటకే రెండుసార్లు మూసి తెరవాలి. అదే వెనకనుంచి గొంతు వినిపిస్తే ఈ పనంతా తప్పుతుంది. హైదరాబాద్‌లో పుట్టిన ‘మైటీ లిటిల్ భీమ్’ కార్టూన్ సిరీస్ 2019లో నెట్‌ఫ్లిక్స్‌లోకి వచ్చింది. అందులో మాటల్లేవు. డబ్బింగ్ బెడద లేకుండానే దేశదేశాలకూ వెళ్లింది.

సీరియల్ వేరు, విడి వీడియో వేరు

‘టీవీ కార్టూన్లు అంత చౌకలో ఎట్లా తీస్తున్నరు?’ అన్నది తరచూ వినిపించే ప్రశ్న. రాజీవ్ చిలక 2001లో స్థాపించిన గ్రీన్‌గోల్డ్ స్టూడియో నుంచి ‘ఛోటా భీమ్’ 2008లో పోగో చానల్‌కు వచ్చింది. భీమ్, చుట్కీ, జగ్గూ, ఢోలక్‌పూర్ వీధులు... ఒకసారి తయారైతే ఎపిసోడ్ తర్వాత ఎపిసోడ్‌లో పనికొస్తాయి. తొలి ఖర్చు ఎపిసోడ్లన్నిటి మీదా సర్దుకుంటుంది. ల్యాబ్ కోసం చేసే ప్రొటీన్ మోడల్‌కు ఆ అదృష్టం లేదు. ఆ ఒక్క వీడియోలోనే దాని ఖర్చంతా రావాలి. పైగా అది సైన్సు ప్రకారం సరిగ్గా ఉండాలి. ఏఐ టూల్ నిమిషంలో అందమైన బొమ్మ ఇస్తుంది. అందులో కణం సరిగ్గా ఉందో లేదో మనిషి కూర్చుని చూడాల్సిందే.

రోజు కూలి ఎలా తేలుతుంది?

అద్దె, కరెంటు, కంప్యూటర్ తరుగు, ఇంటి ఖర్చు కలిపి ఒకరికి నెలకు 60 వేలు కావాలనుకుందాం. క్లయింట్లను వెతకడం, కొటేషన్లు రాయడం, బాకీల కోసం తిరగడం పోగా నెలలో డబ్బొచ్చే పని 12 రోజులే దొరికితే రోజుకు ఐదు వేలు. పది రోజుల పనికి 50 వేలు. ఇది ఊహాలెక్కే. అయినా బయటివాళ్లకు ఎక్కువనిపించే రేటులో ఖాళీ రోజుల తిండి కూడా ఉందని దీంతో తెలుస్తుంది.

సాఫ్ట్‌వేర్ మాత్రం ఒకప్పటంత బరువు కాదు. బ్లెండర్ ఉచితం. దాంతో తీసిన ‘ఫ్లో’ యానిమేషన్ చిత్రానికి 2025లో ఆస్కార్ వచ్చింది. ఇప్పుడు ఖరీదైనది మనిషి సమయమే.

అసలు ఖర్చు: ‘చిన్న కరెక్షన్’

ఆ సమయాన్ని తినేసేవి కరెక్షన్లు. స్క్రిప్టులో వాక్యం మార్చడానికి ఐదు నిమిషాలు చాలు. స్టోరీబోర్డులో మార్చడానికి ఒక పూట. యానిమేషన్ అయ్యాక అదే వాక్యం మారిస్తే గొంతు మళ్లీ రికార్డు చేయాలి, కదలికల టైమింగ్ మార్చాలి, మళ్లీ రెండర్ పెట్టాలి. స్లాబు పోశాక మెట్లు ఇటు కాదు, అటు పెట్టమన్నట్టు.

పెద్ద స్టూడియోలకూ ఈ దెబ్బ తప్పలేదు. హైదరాబాద్‌లోనూ శాఖ నడిపిన రిథమ్ అండ్ హ్యూస్ ‘లైఫ్ ఆఫ్ పై’ చిత్రానికి పనిచేసి 2013 ఫిబ్రవరిలో విజువల్ ఎఫెక్ట్స్ ఆస్కార్ అందుకుంది. అదే నెలలో, అవార్డుకు కొద్దిరోజుల ముందే, దివాలా పిటిషన్ వేసింది. కారణాలు అనేకం. అయితే ముందే ఒక మొత్తానికి ఒప్పుకుని, మార్పులు ఎన్ని వచ్చినా అదే డబ్బుకు చేయాల్సిన పద్ధతి మీద ఆ తర్వాత పెద్ద చర్చే నడిచింది.

కాగితం మీద పెట్టండి

అందుకే అనుభవం ఉన్నవాళ్లు డబ్బును దశలవారీగా తీసుకుంటారు: అడ్వాన్సు కొంత, స్టోరీబోర్డు ఓకే అయ్యాక కొంత, ఫైనల్ ఫైల్‌కు ముందు మిగతాది. కరెక్షన్లు ఎన్నిసార్లన్నది రాసుకుంటారు. ఆపైన రోజు లెక్క. సోర్స్ ఫైళ్లు కావాలంటే, రేపటికే కావాలంటే విడిగా మాట్లాడుకుంటారు. పన్నులనూ మరవొద్దు. ఏడాది రాబడి 20 లక్షలు దాటిన సేవలకు జీఎస్టీ రిజిస్ట్రేషన్ తప్పనిసరి. అప్పుడు బిల్లుపై 18 శాతం చేరుతుంది. సంస్థలు ప్రొఫెషనల్ ఫీజు కింద చెల్లిస్తే, పరిమితి దాటాక 10 శాతం టీడీఎస్ పట్టుకుంటాయి.

బడ్జెట్ తక్కువగా ఉందా? బేరానికి దిగేముందు స్క్రిప్టు మీద పెన్ను పెట్టండి. 90 సెకన్లను 60కి కుదిస్తే 720 ఫ్రేములు తగ్గుతాయి. మాట్లాడే బొమ్మ స్థానంలో గొంతు పెడితే లిప్‌సింక్ తప్పుతుంది. స్క్రిప్టుపై రీసెర్చ్ గైడ్ సంతకం ముందే తీసుకుంటే ఆఖరి వారంలో వచ్చే మార్పులు ఆగుతాయి. ఈ మూడూ చేశాక ఫోన్ చేసి రేటు అడగండి. యానిమేటర్ కూలి తగ్గించుకోకుండానే మీ బిల్లు తగ్గుతుంది.