గొడ్ల చావిడిలో కుక్క: పెంపకం, అలవాట్లు, టీకా

పాలు పోసే సభ్యుల ఇళ్ళలో కుక్క లేని ఇల్లు తక్కువ. గేదెను కొనేటప్పుడు పళ్ళు చూస్తాం, పొదుగు చూస్తాం, రెండు పూటలు పితికి చూస్తాం. కుక్కను మాత్రం ఎవరూ కొనరు. ఎక్కడినుంచో వచ్చి చావిడిలో పడుకుంటుంది, నాలుగు ముద్దలు పెడతాం, ఇక అది మనదే. పేరు పెట్టడం వరకేగాని, దాని మంచిచెడ్డలు చూడడం ఎవరి పని అన్నది ఏ ఇంట్లోనూ తేలదు. మేము చదివిన సహకార డిప్లొమాలోనూ కుక్కను గురించి పాఠం లేదు. ముప్పై ఏళ్ళకు దగ్గరగా సంఘాల తనిఖీకి వూళ్ళు తిరుగుతూ చూసినదీ, పశువైద్యులను అడిగి తెలుసుకున్నదీ సభ్యుల ముందు పెడుతున్నాము.

కొన్నేళ్ళ క్రిందట గుంటూరు జిల్లా డెల్టాలో ఒక సంఘానికి లెక్కల తనిఖీకి వెళ్ళాము. ఉదయం పాల సేకరణ జరుగుతుండగా ఒక సభ్యుడు వట్టి చేతులతో వచ్చాడు. "గేదె నిన్నటినుంచి మేత ముట్టడం లేదండీ. నోటివెంట ఒకటే చొంగ. గొంతులో తాటిటెంకో ఏదో అడ్డం పడినట్టుంది. మోచేతిదాకా చెయ్యి పెట్టి వెతికాను, ఏమీ దొరకలేదు" అని సెక్రటరీతో అన్నాడు. చేతిమీద గేదె పళ్ళు గీసుకున్న గాట్లు కనబడుతూనే వున్నాయి.

సెక్రటరీతో కలిసి మేమూ వెళ్ళాము. గేదె బొంగురు గొంతుతో అదేపనిగా అరుస్తున్నది. వెనుక కాళ్ళు తడబడుతున్నాయి. పశువైద్యులు వచ్చి చావిడి గుమ్మం దగ్గరే ఆగి, ముందు అడిగిన మాట ఒక్కటే: "మీ కుక్క ఏదమ్మా?"

కుక్క నెలన్నర క్రిందటే కనబడకుండా పోయిందట. పోయే ముందు రెండు రోజులు పిలిచినా పలకక, కట్టెపుల్లలు కొరుకుతూ తిరిగి, కట్టుగొయ్య దగ్గర గేదెను మూతిమీద కరిచిందట. "ఎవరో మందు పెట్టి చంపారనుకున్నామండీ" అన్నది ఆ ఇల్లాలు. గేదె మూడో రోజున చనిపోయింది. చెయ్యి పెట్టిన యజమాని, పాలు పితికిన ఆ ఇల్లాలు, కుడితి పెట్టిన కుర్రవాడు ముగ్గురూ ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్ళి సూదులు వేయించుకొన్నారు. ముగ్గురూ క్షేమంగా వున్నారు. ఆ మధ్య రోజుల్లో ఆ ఇంట్లో అన్నం సహించలేదని తరువాత చెప్పారు.

మేము చెప్పదలచినది ఇక్కడ వున్నది. ఆ సంఘం రికార్డులో, ఆ ఏడాది కుక్కలకు పిచ్చికుక్క వ్యాధి టీకా శిబిరం జరిగినట్లు స్పష్టంగా రాసి వుంది. ఆ పేజీ మీద తనిఖీ సంతకం మాదే. శిబిరంనాడు కుక్కను ఎందుకు తీసుకురాలేదని అడిగాము. "దాన్ని పట్టుకునేదెవరండీ! ముద్ద పెట్టే మనిషినే మీద చెయ్యి వెయ్యనిచ్చేది కాదు. తాడు కంటబడితే చెరువుగట్టుదాకా పరుగు" అన్నాడు. టీకా వున్నది, డాక్టరు వచ్చారు, సభ్యుడికి పైసా ఖర్చు లేదు. లేనిది, ఆ కుక్కకు మనిషి చేతి అలవాటు. మేము వేసిన సూదులను లెక్క చూశాముగాని, సూది పడకుండా మిగిలిన కుక్కలు ఎన్ని అని అడగలేదు. అప్పటినుంచి ఆ ప్రశ్న అడగకుండా ఆ పేజీ తిప్పడం లేదు.

చేతి అలవాటు కుక్కపిల్లనాడే చేయాలి. పిల్ల పుట్టిన మూడో వారం నుంచి పన్నెండో వారం దాకా, దానికి ఏది పరిచయమైతే అది జన్మంతా భయం లేనిదవుతుంది. ఆ రోజుల్లో మనుషుల చెయ్యి ఎరగని పిల్ల, పెద్దదయ్యాక మనిషిని చూసి పారిపోతుంది, లేదా కరుస్తుంది. అలాగని కళ్ళు తెరవగానే తల్లినుంచి విడదీసి తెచ్చుకోరాదు. ఎనిమిది వారాలు తల్లి దగ్గర, తోడి పిల్లల మధ్య పెరిగితేనే, ఎంత గట్టిగా కొరికితే ఎదుటివారికి నొప్పి అన్నది దానికి తెలుస్తుంది.

ఇంటికి తెచ్చాక రోజూ పాలు పితికే వేళకు ముందో వెనకో ఐదు నిమిషాలు చాలు. ఒళ్ళంతా నిమరాలి. చెవి ఎత్తి చూడాలి, పెదవి తీసి పళ్ళు చూడాలి, నాలుగు కాళ్ళూ ఒక్కొక్కటి పట్టుకొని వదలాలి, మెడ వెనుక చర్మం నెమ్మదిగా పట్టి లాగాలి. సూది పడేది తరచు అక్కడే. ఓర్చుకున్న ప్రతిసారీ చిన్న రొట్టెముక్క పెట్టాలి. మెడకు మెత్తని తాడు కట్టి చావిడి చుట్టూ రెండు చుట్లు తిప్పాలి. తాడు అంటే కొట్టడానికి కాదు, షికారుకు అని దానికి తోచాలి. నెల తిరిగేసరికి ఇంట్లో చిన్నపిల్లయినా దాన్ని పట్టుకోగలదు.

మాట నేర్పడానికి పెద్ద విద్య అక్కరలేదు. "రా", "కూర్చో", "వద్దు" అనే మూడు మాటలు చాలు. ఇంట్లో అందరూ అవే మాటలు వాడాలి. అయ్య "రా" అని, అమ్మ "ఇటు తగలడు" అని, పిల్లలు ఈలవేసి పిలిస్తే దానికేమి తెలుస్తుంది? మాట విన్న మరుక్షణమే ముక్క పెట్టాలి. తప్పు చేసినపుడు గంట తరువాత కొడితే, అది ఎందుకు కొట్టామో ఎరగదు, మన చెయ్యి చూసి జంకడం మాత్రం నేర్చుకుంటుంది. పిలిస్తే వచ్చిన కుక్కను ఎన్నడూ కొట్టరాదు. ఒకసారి కొడితే మళ్ళీ పిలుపుకు రాదు.

పాడి రైతుకు ఇంకొక లాభం వున్నది. గేదె చేపుకు వచ్చిన సమయంలో కుక్క మొరిగినా, దూడను తరిమినా గేదె బెదిరి పాలు ఎగచేపుతుంది. పాలు దిగడానికి రక్తంలోకి వచ్చే రసం కొద్ది నిమిషాలే పనిచేస్తుంది. భయపడినపుడు పుట్టే రసం దానికి అడ్డుపడుతుంది. దూడను విడిచి మళ్ళీ చేపించవలసి వస్తుంది, ఆ పూట ఒకటి రెండు గిద్దలు తగ్గుతాయి. కనుక పితికేంతసేపు కుక్క పొదుగుకు దూరంగా ఒక గోనెపట్టా మీద పడుకోవడం అలవాటు చేయాలి. మొదట్లో కట్టివేసి, పాలు పితికాక ముక్క పెడుతూ వస్తే, రెండు మూడు వారాలకు తాడు లేకుండానే పడుకుంటుంది. పాలక్యాను, చెంబు నాకడం మాత్రం మొదటి రోజునుంచే సాగనివ్వరాదు.

రోజంతా గొలుసుతో కట్టిన కుక్క మంచి కాపలా అని కొందరి నమ్మకం. మేము చూసినంతలో కరిచే కుక్కలు ఎక్కువగా అవే. పగలు కట్టినా పొద్దున, సాయంత్రం విప్పి తిప్పాలి. కుక్క గుర్రుమంటే కొట్టవద్దు. అది హెచ్చరిక. హెచ్చరిస్తే దెబ్బ పడుతుందని తెలిసిన కుక్క, ఈసారి చెప్పకుండా కరుస్తుంది. తోక ఆడించే కుక్క కరవదనుకోవడమూ పొరపాటే. ఒళ్ళు బిగబట్టి, తోక నిటారుగా లేపి కొసను మాత్రమే ఆడిస్తే అది స్నేహం కాదు. పిల్లలను ఈనిన కుక్క జోలికి, తింటున్న కుక్క జోలికి ఇంటి పిల్లలు పోకుండా చూడాలి. మోటారు సైకిలు వెంట పడినపుడు వేగం పెంచడం మేమూ చేసిన తప్పే. బండి ఆపి దిగి, దాని కళ్ళలోకి చూడకుండా నిలబడితే చాలాసార్లు అదే వెనుదిరుగుతుంది.

తిండికి సంకటి, మజ్జిగన్నం సరిపోతాయిగాని, వీలైనప్పుడు గుడ్డో మాంసమో కలవాలి. ఉడికించిన కోడి ఎముకలు పెట్టరాదు, విరిగి పేగుల్లో గుచ్చుకుంటాయి. మంచినీళ్ళు ఎప్పుడూ వుండాలి. పాములకు పిల్లలనాటినుంచి, పెద్ద కుక్కకు మూడు నెలలకొకసారి మందు వేయాలి. గేదెలకు వాడే గోమార్ల మందును డాక్టరును అడగకుండా కుక్కకు పూయరాదు, నాకి ప్రాణం మీదికి తెచ్చుకుంటుంది. ఈత సమయంలో పడిన మాయను, ఈసుకుపోయిన దూడను దిబ్బ మీద పారేస్తే కుక్కలు వీధులన్నీ ఈడుస్తాయి. పశువుల ఈసుకుపోయే రోగం ఇల్లిల్లూ పాకడానికి అది ఒక దారి. లోతుగా గోతిలో సున్నం వేసి పూడ్చాలి.

ఇక టీకా. పిల్లకు మూడో నెలలో మొదటిది, తరువాత డాక్టరు చెప్పిన గడువుకు రెండోది, ఆపైన ఏటేటా. జూలై 6న, సెప్టెంబరు 28న చాలా పశువైద్యశాలల్లో ఉచితంగా వేస్తారు. 1885లో జూలై 6వ తేదీననే లూయీ పాశ్చర్ కుక్క కరిచిన కుర్రవాడికి మొదటిసారి ఈ టీకా వేసి బ్రతికించాడు. సెప్టెంబరు 28 ఆయన చనిపోయిన రోజు. మన వూళ్ళకు ఆ తేదీ మరొక విధంగా కలిసివస్తుంది. వెంటనే చిత్తకార్తె. కుక్కలు గుంపులు కట్టి తిరిగి, ఒకదాన్నొకటి కరుచుకునే రోజులవి. అంతకు ముందే టీకా పడివుండాలి. అయితే పిచ్చి కార్తెను బట్టి వచ్చేది కాదు, ఏ నెలలోనయినా రావచ్చు. నీళ్ళకు జంకితేనే పిచ్చికుక్క అన్నమాటా నమ్మరాదు. గొంతు మారడం, కారణం లేకుండా కరవడం, దవడ జారి చొంగ కారడం, కొన్ని కుక్కల్లో చీకటి మూల చేరి పలకకుండా పడివుండడం దీని గుర్తులు.

కుక్క కరిస్తే కారం, సున్నం, పసుపు, కాఫీపొడి ఏదీ పెట్టరాదు. ధారగా పడే నీటి కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి, అదేరోజు ఆసుపత్రికి వెళ్ళాలి. కరిచిన కుక్క కనబడుతుంటే చంపకుండా కట్టివేసి పది రోజులు గమనించాలి, కాని సూది మొదలుపెట్టడానికి ఆ పది రోజులు ఆగరాదు. బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులని భయపడి ఇప్పటికీ దాచిపెట్టేవారు వున్నారు. గొర్రె మెదడుతో చేసిన ఆ పాత మందు వాడకం మన దేశంలో 2005 నాటికి పోయింది. ఇప్పుడు ప్రభుత్వ ఆసుపత్రుల్లో చేతి చర్మంలో సన్న సూది, మొదటి రోజు, 3వ, 7వ, 28వ రోజున వేస్తారు. గాయం లోతైతే గాయంలోనే మరొక మందు వేస్తారు. వ్యాధి బయటపడ్డాక మాత్రం వైద్యం లేదు.

గేదెను కుక్క కరిచినా అంతే. చేతులకు తొడుగులు వేసుకొని గాయం కడిగి, డాక్టరును పిలవాలి. పశువులకూ విడతలుగా వేసే సూదులు వున్నాయి. చొంగ కార్చే గేదె నోట్లో చెయ్యి పెట్టవద్దు. గొంతులో నిజంగా టెంక పడినా సరే, డాక్టరు చూసేవరకు ఆగాలి. పిచ్చి అనుమానమున్న గేదె పాలు సంఘానికి పోయరాదు, ఇంట్లో వాడరాదు, దూడకూ విడవరాదు. కాచిన పాలలో ఆ క్రిమి బ్రతకదు. పచ్చిపాలు త్రాగినవారు మాత్రం డాక్టరుకు ఆ సంగతి చెప్పాలి.

సంఘ కార్యవర్గాలు శిబిరానికి నెల ముందే సభ్యుల ఇళ్ళలో కుక్కల జాబితా రాయించాలి. పట్టుబడని వాటిని వేరే గడిలో రాయాలి. వాటికి ఆ నెలలో అలవాటు చేయవచ్చు. శిబిరం ఉదయం పాలు పోసిన తరువాత పెడితే, క్యానుతో పాటు కుక్కనూ తాడుతో తీసుకువస్తారు. కొత్తగా బెదిరే కుక్కకు పాత చీర అంచు పీలికతో మూతి మీద ఒక చుట్టు వేసి, దవడ కింద ముడి తిప్పి, చెవుల వెనుక జారుముడి వేయాలి. ఎండలో దాన్ని నాలుగైదు నిమిషాలకు మించి వుంచరాదు, నోరు తెరచి రొప్పకపోతే కుక్కకు వేడి దిగదు. సూది పడగానే విప్పి, అక్కడే ఒక రొట్టెముక్క పెట్టి పంపించాలి.