పాత బైక్‌పై రోడ్డూ, మట్టిదారీ రెండూ తిరగాలంటే కొనే ముందు ఏం చూడాలి?

"ఆర్‌ఎక్స్ 100, 1992 మోడల్, ఒరిజినల్ కండిషన్, పేపర్లు క్లియర్." ఆన్‌లైన్‌లో పాత బైకుల ప్రకటనలు చూసేవారికి ఈ మాటలు కొత్త కాదు. ఇంజిన్ చప్పుడు వినిపించే వీడియో ఒకటి ఉంటుంది. కొత్తగా పెయింట్ వేయించిన ట్యాంకు ఫొటోలు నాలుగు ఉంటాయి. ఆర్సీ ఫొటో మాత్రం చాలాసార్లు కనిపించదు.

వారమంతా ఊళ్లో తిరగడానికి, ఆదివారం పొలం దారుల్లో, కంకర రోడ్ల మీద నడపడానికి ఒకే పాత బండి కావాలనుకునేవారు చాలామందే ఉన్నారు. అలాంటి బండిని ఎంచుకోవడంలో ఇంజిన్, ఎత్తు, బరువు అన్నీ ముఖ్యమే. కానీ మట్టిదారి దాకా వెళ్లాలన్నా ముందు రోడ్డెక్కాలి కదా. అందుకే ముందు కాగితం, తర్వాతే ఇంజిన్. ఆ వరసలోనే చూద్దాం.

'వింటేజ్' అంటే చట్టం దృష్టిలో ఏమిటి?

అమ్మేవారు పాతికేళ్ల బండిని కూడా వింటేజ్ అంటారు. చట్టం లెక్క వేరు. కేంద్రం 2021 జులైలో నోటిఫై చేసిన నిబంధనల ప్రకారం, మొదటిసారి అమ్ముడై 50 ఏళ్లు దాటిన ద్విచక్ర, నాలుగు చక్రాల వాహనాలే వింటేజ్ కిందకు వస్తాయి. చాసిస్, బాడీ, ఇంజిన్‌లలో పెద్ద మార్పులు చేయకుండా అసలు రూపంలోనే ఉండాలి.

వీటికి 'వీఏ' అక్షరాలతో ప్రత్యేక నంబరు ఇస్తారు. ఇదివరకే రిజిస్ట్రేషన్ ఉన్న బండి అయితే పాత నంబరే ఉంచుకోవచ్చు. కొత్త రిజిస్ట్రేషన్‌కు ఫీజు రూ.20 వేలు, పదేళ్లు చెల్లుతుంది. ఆ తర్వాత రెన్యువల్‌కు రూ.5 వేలు.

అసలు చిక్కు ఆ తర్వాతే. వింటేజ్‌గా రిజిస్టరైన బండిని రోజువారీ అవసరాలకు గానీ, వ్యాపారానికి గానీ నడపకూడదు. ప్రదర్శనలు, వింటేజ్ ర్యాలీలు, సాంకేతిక పరిశోధన, పెట్రోలు పోయించుకోవడం, మరమ్మతుల వంటి పనులకే రోడ్డు మీదికి తేవాలి. అంటే ఆఫీసుకూ, పొలానికీ తిరగాలనుకునేవారికి ఈ దారి పనికిరాదు. వారికి కావాల్సింది మామూలు ఆర్సీ చెల్లుబాటులో ఉన్న పాత బండి. ఎలాగూ 1985లో మార్కెట్లోకి వచ్చిన ఆర్‌ఎక్స్ 100 వింటేజ్ హోదా పొందాలంటే 2035 దాకా ఆగాల్సిందే.

'పేపర్లు క్లియర్' అంటే ఏం అడగాలి?

సొంత వాహనానికి ఆర్సీ 15 ఏళ్లు చెల్లుతుంది. ఆ తర్వాత తనిఖీ చేయించి ఐదేళ్లకోసారి రెన్యువల్ చేయించుకోవాలి. కాబట్టి ఆర్సీ ఉందా అని అడిగితే సరిపోదు. ఎప్పటివరకు చెల్లుతుందో అడగాలి.

పరివాహన్ పోర్టల్‌లోనో, మీ రాష్ట్ర రవాణా శాఖ వెబ్‌సైట్‌లోనో బండి నంబరు కొట్టి ఈ వివరాలు సరిచూసుకోండి: యజమాని పేరు, ఆర్సీ గడువు, బీమా, ఫైనాన్స్ బకాయి, పెండింగ్ చలాన్లు. ఎప్పుడో తీర్చేసిన ఫైనాన్స్ కూడా ఆర్సీలో అలాగే ఉండిపోతుంది. దాన్ని తీసేయించడానికి ఫారం 35, ఫైనాన్స్ సంస్థ ఇచ్చే ఎన్‌వోసీ కావాలి. ఆ సంస్థ మూతపడి ఉంటే ఆ పని అమ్మే వ్యక్తే ముందుగా పూర్తి చేయాలని పట్టుబట్టండి.

ఇంకో విషయం. మూడక్షరాల పాత సిరీస్ నంబర్లున్న బండ్ల వివరాలు ఆన్‌లైన్‌లో కనిపించకపోవచ్చు. అంతమాత్రాన అది దొంగ బండి అనుకోనక్కర్లేదు. అయితే సంబంధిత ఆర్టీఏ కార్యాలయంలో రికార్డు ఉందని తేలాకే డబ్బు ఇవ్వాలి.

గడువు తీరిన ఆర్సీతో ఖర్చెంత?

బేరంలో చాలామంది దెబ్బతినేది ఇక్కడే. రెన్యువల్‌కు ఫారం 25తో దరఖాస్తు చేయాలి. కేంద్ర నిబంధనల ప్రకారం 15 ఏళ్లు దాటిన బైక్‌కు రెన్యువల్ ఫీజు రూ.1,000. 20 ఏళ్లు దాటితే రూ.2,000. ఈ రెండో రేటు 2025 ఆగస్టులో వచ్చింది. గ్రీన్ ట్యాక్స్ దీనికి అదనం. అది రాష్ట్రాన్ని బట్టి మారుతుంది.

ఆలస్యానికి మోటార్‌సైకిల్‌పై నెలకు రూ.300 అదనపు ఫీజు కూడా కేంద్ర నిబంధనల్లో ఉంది. ఐదేళ్ల కిందట గడువు తీరిన బండి అనుకుందాం. 60 నెలలకు అదే రూ.18 వేలు. అడ్వాన్స్ ఇవ్వకముందే ఆర్టీఏలో మొత్తం ఎంతవుతుందో కనుక్కోండి. ఆ మొత్తాన్ని బేరంలో తగ్గించమని అడగండి. రెన్యువల్ అమ్మే వ్యక్తి పేరు మీద పూర్తయ్యాకే కొనడం అన్నింటికన్నా మేలు.

తాతగారి బండి షెడ్డులో ఉంటే?

ఊళ్లో పాత ఇంట్లో గోనెసంచి కప్పి ఉంచిన బండిని బయటికి తీసేవారికి ఇది వర్తిస్తుంది. యజమాని చనిపోతే ఆర్సీని వారసుల పేరుకు మార్చడానికి ఫారం 31 ఉంది. మరణ ధ్రువీకరణ పత్రం, వారసత్వ ఆధారాలు, మిగతా వారసుల అంగీకారం జత చేయాల్సి ఉంటుంది. చనిపోయిన మూడు నెలల్లోగా దరఖాస్తు చేయాలన్నది నిబంధన. ఈ బదిలీ జరగకుండా చనిపోయినవారి పేరు మీదే ఉన్న బండిని బయటివారు కొనకూడదు. చనిపోయిన వ్యక్తి ఎలాగూ సంతకం చేయలేరు. ఆ సంతకం పెట్టిన ఫారాలు మీ చేతికొస్తే అవి ఫోర్జరీవే.

ఏ బండి దేనికి పనికొస్తుంది?

రోడ్డుకూ, మట్టికీ ఒకే బండి అన్న ఆలోచనకు ప్రాచుర్యం తెచ్చింది 1968 నాటి యమహా డీటీ-1. తర్వాత 1972లో హోండా ఎక్స్‌ఎల్ 250 వచ్చింది. తేలిక బరువు, పెద్ద ముందు చక్రం, ఎత్తైన సైలెన్సర్, వీటితో పాటు హెడ్‌లైట్, నంబరు ప్లేటు ఉండటం వాటి ప్రత్యేకత. అలాంటివి అప్పట్లో మన దేశంలో అమ్మలేదు. కాబట్టి మనకు దొరికేవాటిలోంచే ఎంచుకోవాలి.

యమహా ఆర్‌ఎక్స్ 100 (1985-96): 98 సీసీ టూ స్ట్రోక్, 11 హార్స్ పవర్. తేలిక బండి కావడంతో ఇసుకలో కూరుకుపోయినా ఒక్కరే లాగేయొచ్చు. టూటీ ఆయిల్‌కు వేరే ట్యాంకు ఉంటుంది. లోటల్లా నేలకు ఉన్న ఎత్తు తక్కువ కావడం. పొలం దారికి చాలు, బండరాళ్లకు చాలదు. క్రేజ్ వల్ల లక్ష దాటిన ధర అడగడం మామూలైంది. ఆ ధరలో సగం పేరుకే.

యెజ్డీ రోడ్‌కింగ్ (1978-96): 250 సీసీ తరగతి టూ స్ట్రోక్. గట్టి బండి, గతుకులకు తట్టుకుంటుంది. పెట్రోలులోనే ఆయిల్ కలిపి పోయాలి. ఈ బండి తెలిసిన మెకానిక్ మీ ఊళ్లో లేకపోతే కొనకపోవడమే నయం. 2022లో మళ్లీ వచ్చిన యెజ్డీలు పూర్తిగా వేరే బండ్లు, వాటి సామాన్లు దీనికి పనికిరావు.

పాత బుల్లెట్ 350: 346 సీసీ ఫోర్ స్ట్రోక్. కంకర రోడ్డు మీద నిలకడగా పోతుంది, విడిభాగాలు ఎక్కడైనా దొరుకుతాయి. 160 కిలోలు దాటిన బరువు బురదలో భారమవుతుంది. పాత మోడళ్లలో గేరు కుడి కాలికి, బ్రేకు ఎడమ కాలికి ఉంటాయి. అలవాటు లేనివారు జారుడు దారిలో కంగారుపడితే తప్పు కాలు నొక్కుతారు.

హీరో ఇంపల్స్ (2011లో వచ్చింది): వయసులో వింటేజ్ కాకపోయినా, తయారీలోనే రెండు దారులకూ ఉద్దేశించిన బండి ఇదే. 149 సీసీ, నేలకు ఎత్తు 245 మిల్లీమీటర్లు, ముందు చక్రం 19 అంగుళాలు. ఇప్పుడు తయారీలో లేదు. తొలి ఏడాది రిజిస్టరైన బండ్లకు 2026లో 15 ఏళ్లు నిండుతాయి. కాబట్టి రెన్యువల్ ఖర్చు లెక్కలో ఉంచుకోండి.

జ్ఞాపకాల కోసమైతే ఆర్‌ఎక్స్ లేదా యెజ్డీ. దూరాలకు, కంకరకు బుల్లెట్. నిజంగా వారంవారం రాళ్లూ గుంతలూ తొక్కాలంటే ఇంపల్స్.

చూడటానికి వెళ్లినప్పుడు

ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే కిక్ కొట్టి చూడాలి. మీరు వెళ్లేసరికే ఇంజిన్ వేడిగా ఉంటే చల్లారేదాకా ఆగండి. చాసిస్ నంబరు ఆర్సీతో అక్షరం అక్షరం సరిపోవాలి. అక్కడ రుద్దిన, మళ్లీ కొట్టిన గుర్తులుంటే ధర ఎంత తక్కువైనా వదిలేయండి. ఇంజిన్ నంబరు కూడా అంతే. ఆర్‌ఎక్స్ 100లో 135 ఇంజిన్ బిగించినవి చాలా కనిపిస్తాయి. ఆ మార్పు ఆర్సీలో లేకపోతే చిక్కే.

ఫ్రేమ్ అతుకుల దగ్గర పగుళ్లు, కొత్త వెల్డింగ్ ఉన్నాయేమో చూడండి. మట్టిలో తిరిగిన బండి బలహీనత అక్కడే బయటపడుతుంది. స్పోకులు వేలితో మీటితే వదులైనవి తెలిసిపోతాయి. ఇప్పుడు బంకుల్లో ఇథనాల్ 20 శాతం కలిసిన పెట్రోలు వస్తోంది కాబట్టి, పాత కార్బురేటర్ రబ్బర్లు, పెట్రోలు పైపులు మార్పించే ఖర్చు కూడా కలుపుకోండి.

డర్ట్ బైక్‌లా మార్చుకోవచ్చా?

సైలెన్సర్ ఎత్తడం, మడ్‌గార్డ్ కోసేయడం, ఫ్రేమ్ వెనక భాగం తీసేయడం వర్క్‌షాపుల్లో జరిగే పనులే. కానీ కంపెనీ ఇచ్చిన వివరాలకు, ఆర్సీకి భిన్నంగా వాహనాన్ని మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 182ఏ(4) ప్రకారం అనుమతి లేని ఒక్కో మార్పుకు రూ.5 వేల జరిమానా, ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడొచ్చు. రెన్యువల్ తనిఖీలోనూ ఇలాంటి బండి ఆగిపోతుంది. టైర్లు కంపెనీ చెప్పిన సైజులోనే మట్టికి పట్టున్నవి వేసుకోవడం సురక్షితమైన మార్గం.

ట్రాక్ కోసమే తయారైన అసలు డర్ట్ బైకులది ఇంకో కథ. వాటికి హెడ్‌లైట్, ఇండికేటర్లు ఉండవు. నంబరు రాదు. ట్రాలీలో వేసుకుని ట్రాక్‌కు తీసుకెళ్లాల్సిందే. విదేశాల నుంచి వచ్చిన పాత బండి అంటే కస్టమ్స్ బిల్ ఆఫ్ ఎంట్రీ చూపించమనండి. అది లేకపోతే ఆ బేరం వద్దు.

పేరు మార్చకుండా నడిపితే?

అమ్మేవారూ కొనేవారూ ఇద్దరూ నష్టపోయేది ఈ ఒక్క విషయంలో. సంతకాలు చేసిన ఫారం 29, 30 జేబులో పెట్టుకుని ఏళ్ల తరబడి తిరిగేవారున్నారు. ఆర్సీలో ఎవరి పేరుంటే వారే యజమాని అని, ప్రమాదంలో పరిహారం బాధ్యత కూడా వారిదేనని 2018లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. బండి చేతులు మారినా అమ్మిన వ్యక్తి తప్పించుకోలేడు.

అదే రాష్ట్రంలో అయితే అమ్మిన 14 రోజుల్లోగా అమ్మిన వ్యక్తి, 30 రోజుల్లోగా కొన్న వ్యక్తి ఆర్టీఏకు తెలియజేయాలి. బీమాను కూడా 14 రోజుల్లోగా కొత్త పేరుకు మార్చమని కంపెనీకి దరఖాస్తు చేయాలి. 2022 జూన్‌లో వచ్చిన రేట్ల ప్రకారం థర్డ్ పార్టీ బీమా ఏడాదికి 75-150 సీసీ బండికి రూ.714, 150-350 సీసీకి రూ.1,366. జీఎస్టీ అదనం. రోడ్డు మీద ఎవరికైనా దెబ్బ తగిలితే ఆ కుటుంబానికి దక్కే పరిహారం ఈ చిన్న మొత్తం మీదే ఆధారపడి ఉంటుంది.

వేరే రాష్ట్రం బండి అయితే ఫారం 28తో ఎన్‌వోసీ కావాలి. అక్కడి ఆర్టీఏ, బండిపై చోరీ కేసు లేదని పోలీసుల నివేదిక తీసుకున్నాకే అది ఇస్తుంది. 12 నెలలకు మించి ఇక్కడే ఉంచితే ఇక్కడి నంబరు, ఇక్కడి పన్ను తప్పవు.

మట్టిదారి అంటే అడవి కాదు

కాగితాలన్నీ ఉన్నా ప్రతి కాలిబాటా మనది కాదు. రిజర్వ్ ఫారెస్టులోకి అనుమతి లేకుండా బండితో వెళ్లడం నేరం. వికారాబాద్ అనంతగిరి గుట్టలైనా, నల్లమలలోని పులుల అభయారణ్యాలైనా అంతే. పొలం దారులు, చెరువు కట్టలు, పంచాయతీ కంకర రోడ్లు చాలానే ఉన్నాయి. రైతు పొలంలోంచి వెళ్లాలంటే ఒక మాట అడగడం మర్యాద.

చివరిగా, ఈ వరస గుర్తుంచుకోండి. ముందు ఆర్సీ ఫొటో, తర్వాత ఆన్‌లైన్‌లో తనిఖీ, ఆ తర్వాత ఆర్టీఏ ఖర్చుల లెక్క, ఆపైనే మెకానిక్‌ను వెంటబెట్టుకుని ప్రయాణం. ఆర్సీ ఫొటో పంపమంటే సాకులు చెప్పే వ్యక్తి దగ్గరికి పెట్రోలు ఖర్చు పెట్టుకుని వెళ్లాల్సిన పని లేదు.