మన గుట్టలు – దేశపు పర్వతాలు

పర్వతాలనగానే మనకు హిమాలయాలే స్ఫురిస్తాయి. పరీక్షల్లో మార్కులు తెచ్చిపెట్టేవీ అవే కదా! కాని మా పాశమైలారం, సంగారెడ్డి ప్రాంతపు గుట్టలకు కూడా దేశ భూగోళంలో ఒక స్థానముంది. మిత్రులకు దాన్ని గురించి నాలుగు మాటలు చెప్పదలిచాను.

మన దేశమున్న భూఫలకం ఉత్తరానికి జరిగి, సుమారు 5 కోట్ల ఏళ్ళ క్రితం ఆసియా ఫలకాన్ని ఢీకొన్నది. మధ్యనున్న టెథిస్ సముద్రపు అడుగు పొరలు ముడతలు పడి పైకి లేచాయి. అవే హిమాలయాలు. 8,848.86 మీటర్ల ఎవరెస్టు మీద సముద్రజీవుల అవశేషాలు దొరకడానికి కారణమిదే. ఆ ఒత్తిడి ఇంకా ఆగలేదు. అక్కడి భూకంపాలు దాని ఫలితమే.

పశ్చిమ కనుమల తీరు వేరు. అవి దక్కను పీఠభూమికి పడమటి అంచు. వాటిలో ఎత్తయిన ఆనైముడి 2,695 మీటర్లు. పీఠభూమి తూర్పుకు వాలి ఉంది గనుకనే నాసిక్ దగ్గర పుట్టిన గోదావరి, అరేబియా సముద్రం చేరువలోనే ఉన్నా, 1,465 కిలోమీటర్లు నడిచి బంగాళాఖాతంలో కలుస్తుంది. దారిలో పాపికొండల దగ్గర తూర్పు కనుమలను కోసుకుని పోతుంది.

ఇక మన గుట్టల సంగతి. ఈ గ్రానైటు వయస్సు దాదాపు 250 కోట్ల ఏళ్ళు. అంటే హిమాలయాలు దీని ముందు నిన్నగాక మొన్న పుట్టినట్టే! భూగర్భంలో కరిగిన రాయి చల్లారి గట్టిపడింది. పైనున్నదంతా యుగాల తరబడి అరిగిపోగా ఇది బయటపడింది. పగుళ్ళలోకి నీరు దిగి అంచులు గుండ్రమై, గుండు మీద గుండు పేర్చినట్టు మిగిలింది. అరిగిన గ్రానైటే మన ఎర్రచెల్క. పడమట జహీరాబాదు వైపు పరచుకున్న లావా రాయి అరిగితే నల్లరేగడి. 1972లో పటాన్‌చెరులో వెలసిన ఇక్రిశాట్ ఆవరణలో ఈ రెండు నేలలూ ఉన్నాయి.

గ్రానైటు నీటిని పీల్చుకోదు. నీరు నిలిచేది పైనున్న మొరంలో, కిందనున్న పగుళ్ళలో మాత్రమే. అందుకే ఒక చెల్కలో బోరు పడితే పక్క చెల్కలో పడదు. ఆ పగుళ్ళలోకి ఫ్యాక్టరీల మురుగు దిగితే కడగడం ఎవరి తరం? పటాన్‌చెరు ప్రాంతపు బావులు, మంజీరలో కలిసే నక్కవాగు ఆ బాధ పడ్డవే. 1990లో ఈ వ్యవహారం సుప్రీంకోర్టు దాకా పోయింది.

ఫ్యాక్టరీలు వద్దని నేననను. ఎన్నో ఇళ్ళకు అవే అన్నం పెడుతున్నాయి. కాని మురుగు వదిలేముందు కింద ఏ రాయి ఉందో, గుట్టను కంకర చేసేముందు దాని వాన నీరు ఏ చెరువుకు పోతుందో చూడాలి. హిమాలయం ఇంకా పెరుగుతూనే ఉంది. మన గుట్ట మాత్రం పోతే మళ్ళీ మొలవదు. భూగోళం చదివిన మనం ఈ మాట ఊళ్ళో చెప్పకపోతే ఇంకెవరు చెప్తారు?