ఒక వాయి వంటకత్తులు

పండిన టొమాటోను కోయునపుడు కత్తి తొక్కమీద జారుట అందరికి అనుభవమే. కత్తి తెగనపుడు చేతిబలము హెచ్చింతుము. అపుడు పండు చితుకును. లేదా కత్తి ప్రక్కకు జారి వ్రేలిని గాయపరచును. పదునుకత్తికంటె మొద్దుకత్తియే ప్రమాదకరమని అనుభవము గల వంటవారు చెప్పుటకు కారణమిదే.

పదును అనగానేమి? ఒక కత్తి అంచు మందము మిల్లీమీటరులో వెయ్యవ వంతు అనుకొందము. ఆ అంచులో 10 మిల్లీమీటర్ల పొడవు పండునకు తగులుచుండగా 1 కిలోగ్రాము బరువుతో నొక్కినచో, ఆ బలమంతయు 0.01 చదరపు మిల్లీమీటరుపై పడును. అనగా చదరపు మిల్లీమీటరునకు 100 కిలోగ్రాముల బరువంత పీడనమన్నమాట. అదే అంచు అరిగి 20 రెట్లు మందమైనచో పీడనము 5 కిలోగ్రాములకు తగ్గిపోవును. చేయి అదే, బలము అదే. మారినది వైశాల్యము మాత్రమే.

అట్లయిన అంచును వీలైనంత పలుచగ చేసిన చాలదా? కత్తి చేయువాని చిక్కు ఇచ్చటనే మొదలగును. పలుచని అంచు మెత్తని ఉక్కుతో చేసినచో ప్రక్కకు మడతపడును. మిక్కిలి గట్టి ఉక్కుతో చేసినచో ఎముక తగిలినంతనే గాజువలె పెచ్చులూడును. గీతకు, ఒత్తిడికి లొంగని గుణము కాఠిన్యము. దెబ్బకు విరుగని గుణము దృఢత్వము. ఒకే ఉక్కులో సాధారణముగ మొదటిది పెరిగిన కొలది రెండవది తరుగును. ఈ రెంటిని ఎచ్చట సమన్వయింపవలెనో నిర్ణయించుటయే కత్తి చేయుటలోని అసలు విద్య.

కాఠిన్యమును కొలుచుటకు రాక్‌వెల్ పద్ధతి కలదు. శంఖాకృతి గల వజ్రపు మొనను 150 కిలోగ్రాముల బరువుతో ఉక్కుపై నొక్కి, అది ఎంతలోతు దిగినదో చూచుదురు. తక్కువ దిగినచో అంకె ఎక్కువగును. ఫ్యాక్టరీలలో చేయు యూరపు తరహా వంటకత్తులు పెక్కింటికి ఈ అంకె 56, 58 ప్రాంతమున నుండును. ఆ కత్తి ఎవరి చేతికి పోవునో, దానితో కూరగాయ కోయుదురో ఎముక కొట్టుదురో ఫ్యాక్టరీకి తెలియదు. కనుక విరుగుటకంటె త్వరగ మొద్దుబారుటయే మేలని దృఢత్వము వైపు మొగ్గుదురు.

ఇందుకు భిన్నముగ, అమెరికా, జపాను మొదలగు దేశములలో కొందరు కమ్మరులు తమ చిన్న కార్ఖానాలలో వంటకత్తులను తామే చేయుచున్నారు. అడిగినవారి కోరిక ననుసరించి ఒక్కొక్క కత్తిని పూర్తిగ వేరుగ చేయుట ఒక పద్ధతి. దానికి కాలము, వ్యయము హెచ్చు. ఈ రెంటికి నడుమ మూడవ పద్ధతి యొకటి కలదు. మన వంటింట గారెలను వాయివాయిగ వేయునట్లు, ఆరో పదో కత్తులను ఒకే వాయిగ చేయుదురు. కత్తి నమూనా, ఉక్కు, నిప్పులోని పని కమ్మరి నిర్ణయమే. పొడవు, పిడికి వాడు కొయ్య, కుడిచేతివాటమో ఎడమచేతివాటమో అనునవి కొనువాడు కోరుకొనవచ్చును. కొనువానికి ఇచ్చిన స్వేచ్ఛ పిడివద్ద నున్నది, అంచువద్ద లేదు. ఏల యనునది తెలియవలెనన్న కొలిమివద్దకు పోవలెను.

అమెరికా కమ్మరులు తరచుగ వాడు ఉక్కులలో ఒకటి 52100 అను పేరు గలది. ఇది మొదట బాల్‌బేరింగుల కొరకు ఏర్పడిన ఉక్కు. దీనిలో సుమారు 1 శాతము కర్బనము, 1.5 శాతము క్రోమియము ఉండును. మామూలు ఉష్ణోగ్రతలో ఇనుపస్ఫటికముల నడుమ కర్బన పరమాణువులకు దాదాపు చోటు లేదు. 727 డిగ్రీల సెంటిగ్రేడు దాటిన పిదప ఇనుప పరమాణువులు తమ అమరికను మార్చుకొనును. ఆ క్రొత్త అమరికలో కర్బనము కరిగి ఇమిడిపోవును. 770 డిగ్రీలవద్ద ఇనుము అయస్కాంతమునకు అంటుకొనుట మానును. కొలిమిలోని వేడిని అంచనా వేయుటకు కమ్మరులు అయస్కాంతమును ముట్టించి చూచుట ఇందులకే.

సుమారు 830 డిగ్రీలకు వేడెక్కిన కత్తిని నూనెలో ముంచుదురు. వేడి కొన్ని సెకనులలో దిగిపోవుటచే కర్బనమునకు బయటికి పోవు వ్యవధి యుండదు. అది చిక్కుకొని స్ఫటికములను సాగదీసి బిగించివేయును. ఈ బిగిసిన రూపమునకు మార్టెన్సైట్ అని పేరు. జర్మను శాస్త్రజ్ఞుడు అడాల్ఫ్ మార్టెన్స్ గౌరవార్థము ఆ పేరు పెట్టిరి. అపుడు రాక్‌వెల్ అంకె 65 ప్రాంతమునకు పోవును. కాని ఆ స్థితిలో కత్తి నేలబడినను పగులవచ్చును. అందుచే దానిని వెంటనే 175 మొదలు 205 డిగ్రీల నడుమ రెండు గంటలసేపు, తరచుగ రెండుమార్లు, ఓవెనులో నుంచుదురు. ఇదియే టెంపరింగు. బిగువు కొంత సడలి, అంకె 60, 61 ప్రాంతమునకు దిగి, దృఢత్వము తిరిగి వచ్చును.

ఈ పనిలో పొరపాటు కంటికి కానరాదు. వేడి మితిమించినచో ఉక్కులోని రేణువులు పెరిగి కత్తి పెళుసగును. తక్కువైనచో అంచు నిలువదు. సానపట్టునపుడు పలుచని అంచు క్షణములో వేడెక్కి నీలిరంగు తేలినచో, అచ్చట 300 డిగ్రీల దరిదాపు చేరినదనియు, కాఠిన్యము పోయినదనియు తెలియవలెను. అందుకే కత్తిని మాటిమాటికి నీటిలో ముంచుచు సానపట్టుదురు. పైన నిగనిగలాడు రెండు కత్తులలో ఏది మంచిదో చూచి చెప్పుట అసాధ్యము.

వాయిగ చేయుటలోని శాస్త్రీయ ప్రయోజనము ఇచ్చట తెలియును. ఒకే కడ్డీనుండి కోసిన ఉక్కు, ఒకే ఓవెను, ఒకే నూనె, ఒకే వ్యవధి అయినచో ఆ కత్తులన్నియు ఇంచుమించు ఒకే గుణము కలిగి యుండును. అపుడు వానిలో ఒకదానిని విరిచి చూడవచ్చును. విరిగిన చోట రేణువులు సన్నని బూడిదరంగు పట్టువలె నున్నచో పని సరిగ జరిగినది. పంచదారవలె మెరసినచో వేడి మించినది. అమ్ముటకు వీలగు ఒక కత్తిని పోగొట్టుకొనుట కమ్మరికి నష్టమే. కాని ఆ ఒక్కటి విరిగినందున మిగిలినవానిని నమ్మకముతో కొనువాని చేతిలో పెట్టగలడు. వేరువేరు విధములుగ చేసిన పది కత్తులలో ఒకదానిని విరిచినచో దానిని గూర్చియే తెలియును. నమూనా పరీక్షకు సూత్రమిదే. కొనువాని కోరిక అంచువరకు పోరాదనుటకు కారణము కూడ ఇదే.

1976లో స్థాపింపబడిన అమెరికన్ బ్లేడ్‌స్మిత్ సొసైటీ వారి పరీక్షయు ఇట్టిదే. అభ్యర్థి తాను చేసిన కత్తితో వ్రేలాడు అంగుళము లావు త్రాటిని ఒకే వ్రేటున తెగగొట్టవలెను. పిదప కొయ్యదుంగను నరుకవలెను. అటుపై అదే అంచు చేతి రోమములను గొరుగగలిగి యుండవలెను. చివరకు కత్తిని పట్టుకారులో బిగించి 90 డిగ్రీలు వంచినను విరుగరాదు. మంచి కత్తి నాశనమగును. చేసినవాని పని రుజువగును.

ఈ విషయమును పాఠశాలలో సులభముగ చూపవచ్చును. ఉపాధ్యాయుడు కండ్లద్దములు ధరించి, రెండు ఉక్కు కుట్టుసూదులను పటకారుతో పట్టి ఎఱ్ఱగ కాల్చవలెను. ఒకదానిని వెంటనే నీటిలో ముంచవలెను. రెండవదానిని మంటనుండి మెల్లమెల్లగ దూరము చేయుచు చల్లారనీయవలెను. పిదప పటకారులతో వంచినచో మొదటిది పుటుక్కున విరుగును. రెండవది తీగవలె వంగును. లోహ మొకటే, చల్లారిన వేగమే వేరు.

ఉక్కును వాయివాయిగ చేయు విద్య తెలుగునేలకు క్రొత్తది కాదు. నిజామాబాదు జిల్లాలోని కోనసముద్రమున కమ్మరులు ఇనుమును మట్టిమూసలలో మూసి కరిగించి ఉక్కుముద్దలు చేసెడివారు. వానిని కొనుటకు పారశీక వర్తకులు వచ్చెడివారని హెన్రీ వాయ్సీ వ్రాసిన వృత్తాంతము 1832లో ప్రచురింపబడినది. ఇట్టి భారతీయపు మూస ఉక్కునుండియే నీటి అలలవంటి చారలు గల డమాస్కసు కత్తులు తయారైనవి. ఆ చారలు తెప్పించు విద్య తరువాత నశించినది. అమెరికాలో లోహశాస్త్రజ్ఞుడు జాన్ వెర్‌హోవెన్, కమ్మరి ఆల్ఫ్రెడ్ పెండ్రే కలిసి పరిశోధించి, ముడిఖనిజములోని వెనేడియము వంటి స్వల్పాంశములు ఆ చారలకు కీలకమని 1998లో ప్రకటించిరి. అట్టి ఖనిజము లభించుట మానినపుడు పాతపద్ధతి ఎంత చక్కగ పాటించినను ఫలితము రాలేదనియు, అందుచే విద్య అంతరించి యుండుననియు వారి అభిప్రాయము.

ఆ కమ్మరులవద్ద నైపుణ్యమునకు కొరత లేదు. ఒక వాయికి మరొక వాయికి లోపల నేమి మారినదో కొలుచు సాధనము మాత్రము లేదు. నేటి కమ్మరికి ఉక్కు పాళ్ళు, ఓవెను డిగ్రీలు, రాక్‌వెల్ అంకె తెలియును. అయినను అతడు ఒక కత్తిని విరిచియే చూచుచున్నాడు. చేతి నేర్పునకు పరీక్ష తోడైనపుడే ఆ నేర్పు మరొకరి చేతికి అందును.