మన రేడియోను పెంచింది దొరలేనా?

అపోహ: మన దేశంలో రేడియో 1936లో, ఆల్ ఇండియా రేడియోతో పుట్టింది.

వాస్తవం: 1936 ఆ పేరు పెట్టిన ఏడాది మాత్రమే. అంతకు పన్నెండేళ్ల ముందే, 1924 జూలై 31న, సి.వి. కృష్ణస్వామి చెట్టి పూనికతో మద్రాసు ప్రెసిడెన్సీ రేడియో క్లబ్ ప్రసారాలు మొదలుపెట్టింది. డబ్బు చాలక 1927లో క్లబ్ మూతపడింది. దాని ట్రాన్స్‌మిటర్‌ను అందుకున్న మద్రాసు కార్పొరేషన్ 1930 ఏప్రిల్ నుంచి సాయంత్రం పూట సంగీతం వినిపించింది. మెరీనా బీచిలో లౌడ్‌స్పీకర్లు పెట్టడంతో సెట్టు కొనే స్తోమత లేనివాళ్లకూ కచేరీ వినే భాగ్యం దక్కింది. ఈ మేలు ఒక నగర కార్పొరేషన్ చేసిందని గట్టిగా చెప్పుకోవాలి.

అపోహ: బ్రిటిష్ సర్కారు ఖజానా తెరిచి రేడియోను పోషించింది.

వాస్తవం: 1927 జూలై 23న బొంబాయి కేంద్రాన్ని వైస్రాయ్ ఇర్విన్ ప్రారంభించడం వల్ల వచ్చిన భ్రమ ఇది. దాన్ని నడిపిన ఇండియన్ బ్రాడ్‌కాస్టింగ్ కంపెనీ ప్రైవేటుది. సెట్టున్నవాళ్లు ఏడాదికి 10 రూపాయల లైసెన్సు కడితే కంపెనీ చేతికి వచ్చేది 8 రూపాయలే. ఆ ఏడాది చివరికి దేశం మొత్తమ్మీద లైసెన్సులు నాలుగు వేలు కూడా లేవు. 1930 మార్చిలో కంపెనీ చేతులెత్తేసింది.

ఏప్రిల్‌లో సర్కారు దాన్ని తీసుకుంది, అదీ ప్రయోగాత్మకంగా రెండేళ్లకే. ఆ గడువైనా తీరకముందే, 1931 అక్టోబరులో, పొదుపు పేరు చెప్పి మూసేస్తామంది. జనం గగ్గోలు పెట్టాక నవంబరులో వెనక్కి తగ్గింది. రేడియోను ఆ రోజు బతికించింది శ్రోతలు. బతికించినందుకు మూల్యం కట్టిందీ వాళ్లే: సెట్లపై దిగుమతి సుంకం 25 శాతం నుంచి 50 శాతానికి పెరిగింది. 1932 డిసెంబరులో బీబీసీ ఎంపైర్ సర్వీసు మొదలయ్యాక, లండన్ కబుర్ల కోసం ఇక్కడి ఇంగ్లీషువాళ్లు సెట్లు కొన్నారు. లైసెన్సులు 1934 చివరికి పదహారు వేలు దాటాయి. రాబడి కళ్లబడ్డాకే సర్కారుకు ఉత్సాహం వచ్చింది. 1935లో రేడియోను నడిపేందుకు బీబీసీ నుంచి లయొనెల్ ఫీల్డెన్‌ను రప్పించింది.

అపోహ: తెలుగువాళ్లకు రేడియో కేంద్రాలిచ్చింది బ్రిటిష్‌వాళ్లే.

వాస్తవం: 1938 జూన్ 16న మొదలైన మద్రాసు కేంద్రం తెలుగు కార్యక్రమాలు ప్రసారం చేసిన మాట నిజం. హైదరాబాదు దక్కన్ రేడియో మాత్రం నిజాం ప్రభుత్వానిది. 1935లో నిజాం చేతికొచ్చిన ఆ కేంద్రం 1950 దాకా ఆల్ ఇండియా రేడియోలో కలవలేదు. ఇక కోస్తా జిల్లాలకు సొంత కేంద్రం విజయవాడలో 1948 డిసెంబరు 1న వచ్చింది. అప్పటికి దొరలు ఓడెక్కి ఏడాది దాటింది.