గోల్ఫ్ వస్తే భీమిలికి ఏమొస్తుంది?

మొన్న డిసెంబరులో మా క్లయింట్ ఒకాయన విదేశం నుంచి విశాఖ వచ్చాడు. రుషికొండ మీద మా ఆఫీసులో రెండు రోజులు మీటింగులు. మూడో రోజు శనివారం. "ఇక్కడ గోల్ఫ్ ఎక్కడ ఆడొచ్చు?" అని అడిగాడు. నాకు నోట మాట రాలేదు. పుట్టి పెరిగింది భీమిలి. క్రికెట్ తెలుసు, కబడ్డీ తెలుసు, ఇసుకలో వాలీబాల్ తెలుసు. గోల్ఫ్ బంతిని మాత్రం చేత్తో పట్టుకున్న పాపాన పోలేదు. మా మేనేజర్ తనకు తెలిసిన వాళ్లతో మాట్లాడి నగరంలోనే ఆట ఏర్పాటు చేశాడు.

సాయంత్రం ఆయన్ని బీచ్ రోడ్డు మీదుగా మా ఊరు తీసుకెళ్లాను. డచ్చివాళ్ల సమాధులు చూశాడు. గోస్తనీ నది సముద్రంలో కలిసే చోట అరగంట నిలబడిపోయాడు. రెండు మొక్కజొన్న పొత్తులు, రెండు మురీ మిక్చర్లు, రెండు టీలు. మొత్తం 140 రూపాయలు. చీకటి పడగానే తిరిగి నగరంలో హోటల్‌కి వెళ్లిపోయాం.

ఆ రాత్రి నాకు లెక్క బుర్రలో తిరుగుతూనే ఉంది. గది, తిండి, కారు, ఆట అన్నీ కలిపి ఆ ఒక్కరోజు ఆయన ఖర్చు వేలల్లో ఉంటుంది. అందులో మా ఊరికి దక్కింది 140. మరి ఇదే భీమిలిలో గోల్ఫ్ కోర్సు ఉంటే?

ఒకప్పటి రేవు

ఈ ప్రశ్న ఊరికే పుట్టింది కాదు. భీమిలికి పోగొట్టుకున్న చరిత్ర ఉంది. 17వ శతాబ్దంలో డచ్చివాళ్లు ఇక్కడ స్థావరం పెట్టుకుని వ్యాపారం చేశారు. 1825లో ఊరు బ్రిటిష్ వాళ్ల చేతికి వచ్చింది. 1861లోనే మున్సిపాలిటీ అయింది. దేశంలోని పాత మున్సిపాలిటీల్లో మాదొకటని ఊళ్లో ఎవరినడిగినా గర్వంగా చెబుతారు. 1933లో విశాఖ హార్బర్ తెరుచుకున్నాక పెద్ద ఓడలకు మాతో పని లేకుండా పోయింది. పక్కనున్న చిట్టివలస జూట్ మిల్లు కూడా 2009లో మూతపడింది. ఇప్పుడు మా భీమిలి జీవీఎంసీలో ఒక భాగం. కుర్రాళ్లు పొద్దున్నే బస్సెక్కి నగరానికి వెళ్తారు, రాత్రికి నిద్రపోవడానికి ఊరొస్తారు. నేనూ అంతే.

అందుకే "టూరిజం వస్తోంది" అనే మాట వినగానే మా ఊళ్లో చెవులు నిక్కబొడుచుకుంటాయి. మాటలు కూడా చాలానే వచ్చాయి. భీమిలి మండలం అన్నవరంలో (సత్యనారాయణస్వామి అన్నవరం కాదు, ఇది వేరే) ఒబెరాయ్ రిసార్టుకు 2023 జులైలో అప్పటి ముఖ్యమంత్రి గండికోట నుంచే వర్చువల్‌గా శంకుస్థాపన చేశారు. అటు భోగాపురం విమానాశ్రయానికైతే 2019 ఫిబ్రవరిలో ఒకసారి, 2023 మేలో మరోసారి రాయి వేశారు. 2024 చివర్లో వచ్చిన రాష్ట్ర పర్యాటక విధానం టూరిజానికి పరిశ్రమ హోదా ఇచ్చింది. విమానాశ్రయం, స్టార్ హోటళ్లు, సముద్రం ఒకచోట చేరితే తరవాతి మాట గోల్ఫే. ప్రపంచంలో చాలా తీరాల్లో జరిగింది అదే.

గోల్ఫ్ టూరిస్టు ఎందుకు ముద్దు?

పోర్చుగల్ దక్షిణ తీరం అల్గార్వ్ సంగతి చూడండి. అక్కడ 1966లో పెనీనా అనే చోట, వరి పండే చిత్తడి నేలల మీద, హెన్రీ కాటన్ అనే ఆటగాడు గోల్ఫ్ కోర్సు తయారు చేశాడు. తరవాత ఒకదాని పక్కన ఒకటి కోర్సులు వెలిశాయి. వేసవిలో బీచ్ కోసం జనం ఎలాగూ వస్తారు. గోల్ఫ్ వచ్చాక, బీచ్‌లు ఖాళీగా ఉండే చలి నెలల్లో కూడా హోటళ్లు నిండాయి. గోల్ఫ్ ఆడేవాడు పొద్దున వచ్చి సాయంత్రం పోయే మనిషి కాదు. నాలుగైదు రోజులు ఉంటాడు, కుటుంబంతో వస్తాడు, ఖర్చుకు వెనకాడడు. హోటళ్లకి, ప్రభుత్వాలకి అందుకే ఆయనంటే ముద్దు.

ఇక్కడొక మెలిక ఉంది. అలాంటివాడు ఒక్క కోర్సు కోసం విమానం ఎక్కడు. నాలుగు రోజుల్లో నాలుగు వేర్వేరు కోర్సుల్లో ఆడాలనుకుంటాడు. అల్గార్వ్‌కైనా, టర్కీలోని బెలెక్‌కైనా, థాయిలాండ్‌లోని హువా హిన్‌కైనా జనం వెళ్లేది అందుకే. మనకి విశాఖలో ముడసర్లోవ వైపు ఈస్ట్ పాయింట్ గోల్ఫ్ క్లబ్ ఉంది. భీమిలిలో ఇంకొకటి కట్టినంత మాత్రాన విదేశీయులు వరస కట్టేయరు. మా క్లయింట్ లాగా పని మీద వచ్చి, ఒకపూట ఆడి, ఇంకో రెండు రాత్రులు ఉండిపోయేవాళ్లే మొదట్లో మనకి దొరికే గిరాకీ. ఐటీ కంపెనీలు పెరిగే కొద్దీ అలాంటివాళ్లు పెరుగుతారు. అదీ తక్కువేం కాదు, కానీ బ్రోచర్లో వేసే బొమ్మంత పెద్దదీ కాదు.

చిన్నాన్న అడిగిన ప్రశ్న

మా చిన్నాన్నది చేపల వేట. ఆదివారం పొద్దున్న వల బాగు చేసుకుంటుంటే పక్కన కూర్చుని ఇదంతా చెప్పాను.

"గోల్ఫంటే కర్రతో బంతిని కొట్టేదేనా?"

"అదే చిన్నాన్నా."

"దానికెంత జాగా గావాలి?"

"18 హోల్స్ అయితే వంద, నూటయాభై ఎకరాలు."

ఆయన వల పక్కన పెట్టేశాడు. "నలుగురు ఆడుకోడానికి నూటయాభై ఎకరాలేటిరా! మరి నీల్లో? నీల్లెక్కడివి?"

ఇంజినీరింగ్ చదివినవాణ్ని నేను, అసలు ప్రశ్న అడిగింది ఆయన. ఫోన్ తీసి లెక్క వేశాను. మీరూ వేసి చూడండి. నూటయాభై ఎకరాల్లో రోజూ తడపాల్సిన పచ్చిక 60 ఎకరాలే అనుకుందాం. ఎండాకాలంలో గడ్డి రోజుకి 5 మిల్లీమీటర్ల నీరు తాగుతుందనుకుందాం. ఒక ఎకరం మీద ఒక మిల్లీమీటరు నీరంటే దాదాపు 4,047 లీటర్లు. అంటే మొత్తం రోజుకి 12 లక్షల లీటర్లు. పట్టణాల్లో మనిషికి రోజుకి 135 లీటర్లు ఇవ్వాలన్నది మన దేశంలో పాటించే ప్రమాణం. ఆ లెక్కన 12 లక్షల లీటర్లంటే దాదాపు తొమ్మిది వేల మంది నీళ్లు.

గోస్తనీ మీద తాటిపూడి రిజర్వాయర్ ఉంది. దాని నీళ్లు విశాఖ నగరానికీ వెళ్తాయి. మేమేమో నది చివర ఉన్నాం. ఒడ్డున బోర్లు వేసి ఎడాపెడా తోడేస్తే ఏమవుతుందో తీరంలో ఉన్నవాళ్లకి చెప్పక్కర్లేదు. భూమిలో మంచినీళ్లు తగ్గే కొద్దీ సముద్రపు ఉప్పునీరు లోపలికి తోసుకొస్తుంది. ఒకసారి ఉప్పగా మారిన బావి మళ్లీ తియ్యబడటం అంత సులువు కాదు.

దీనికి దారి లేదని కాదు. శుద్ధి చేసిన మురుగునీటితో గోల్ఫ్ పచ్చికను పెంచడం చాలా దేశాల్లో మామూలు విషయం. నగరం నుంచి అలాంటి నీరు పైపులో వస్తేనే కోర్సు, బోరు వేస్తే అనుమతి రద్దు అని కాగితం మీద రాయించుకోవాలి. నా దృష్టిలో మొదటి షరతు అది.

ఎర్రమట్టి దిబ్బలు, స్కాట్లాండ్ దిబ్బలు

రెండో షరతు నేల గురించి. గోల్ఫ్ పుట్టిల్లు స్కాట్లాండ్. వ్యవసాయానికి పనికిరాని సముద్రపు ఇసుక దిబ్బల మీద అక్కడ ఆట పెరిగింది. అందుకే దిబ్బలంటే గోల్ఫ్ కంపెనీలకి మోజు.

మనకీ దిబ్బలున్నాయి. బీచ్ రోడ్డు మీద మీరు రీల్స్ తీసుకునే ఎర్రమట్టి దిబ్బలే. వేల ఏళ్ల పాటు గాలి, నీరు, సముద్రమట్టం మార్పులు కలిసి చెక్కినవి. 2014లో వాటిని జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తించారు. 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాలో కూడా చేరాయి.

స్కాట్లాండ్‌లోనే అబర్డీన్‌షైర్ తీరంలో మెనీ అనే చోట డొనాల్డ్ ట్రంప్ కంపెనీ గోల్ఫ్ ప్రాజెక్టు మొదలెట్టింది. వేల ఉద్యోగాలొస్తాయని ఆశ చూపారు. దిబ్బలకు రక్షణ ఉన్నా, ఊరి ఆర్థిక లాభం ముఖ్యమని 2008లో అక్కడి ప్రభుత్వం ఒప్పుకుంది. 2012లో కోర్సు తెరిచారు. చెప్పిన ఉద్యోగాల్లో వచ్చింది చిన్న ముక్క. దిబ్బల సహజ స్వభావం దెబ్బతిన్నదని 2020 డిసెంబరులో ఆ చోటుకున్న ప్రత్యేక రక్షణ హోదానే తీసేశారు. హోదా పోయింది, దిబ్బలూ పోయాయి. మన ఎర్రమట్టి దిబ్బల దరిదాపుల్లో ఎవరు ఏం కట్టాలన్నా ఈ కథ గుర్తుంచుకోవాలి.

హైదరాబాద్ కథ కూడా మరవకూడదు. 2000ల మొదట్లో మణికొండ, గచ్చిబౌలి వైపు ఎమ్మార్ సంస్థతో కలిసి ప్రభుత్వ సంస్థ ఏపీఐఐసీ గోల్ఫ్ కోర్సు, విల్లాలు, కన్వెన్షన్ సెంటర్ తలపెట్టింది. గోల్ఫ్ కోర్సు వచ్చింది, బాగుంది కూడా. కానీ విల్లాల అమ్మకాలు, ఏపీఐఐసీ వాటా తగ్గిపోవడం మీద గొడవ ముదిరి 2011లో సీబీఐ కేసు దాకా వెళ్లింది. చాలాచోట్ల పచ్చిక ముందు కనిపించే తెర మాత్రమే, దాని వెనక అసలు సరుకు ప్లాట్లు. అలాంటి బేరంలో లాభపడేది భూమి కొన్నవాడు. బజ్జీల బండి పెట్టుకున్నవాడికి దక్కేది పెరిగిన అద్దె.

ఊరి వాటా ఎక్కడ?

మూడో షరతు మనుషుల గురించి. ఇక్కడే నాకు నచ్చిన ఉదాహరణ ఒకటుంది. అదీ స్కాట్లాండే. సెయింట్ ఆండ్రూస్‌లోని ఓల్డ్ కోర్స్ ప్రపంచంలో అందరికన్నా పేరున్న గోల్ఫ్ మైదానం. అది ఏ కంపెనీదీ కాదు, ఊరిది. 1974 నుంచి ఒక ట్రస్టు నడుపుతోంది. స్థానికులకి తక్కువ ధరకి టికెట్టు. ఆదివారం మామూలుగా ఆట ఉండదు. ఊరి జనం పిల్లల్ని, కుక్కల్ని వెంటేసుకుని ఆ పచ్చిక మీదే షికారు తిరుగుతారు. బయటివాళ్ల డబ్బు వస్తుంది, నేల మాత్రం ఊరి చేతిలోనే ఉంటుంది.

మన దేశంలోనూ గోల్ఫ్ పేదవాడికి తలుపు తీసిన సందర్భాలున్నాయి. ఎస్.ఎస్.పి. చౌరాసియా తండ్రి రాయల్ కలకత్తా గోల్ఫ్ క్లబ్‌లో పచ్చిక చూసుకునే ఉద్యోగి. ఆ పిల్లాడు అక్కడే ఆట నేర్చుకుని 2008లో ఇండియన్ మాస్టర్స్, 2016లో, 2017లో ఇండియన్ ఓపెన్ గెలిచాడు. మా రేవులో పిల్లల్లో అలాంటివాడు లేడని ఎవరు చెప్పగలరు? కాకపోతే గేటు దగ్గర వాచ్‌మన్ ఆపకూడదు కదా!

ఉద్యోగాలంటే కేడీలు, సెక్యూరిటీ, హౌస్‌కీపింగ్ మాత్రమే అయితే అది ఎదుగుదల కాదు. పచ్చిక నిర్వహణ, నీటి పంపుల ఆటోమేషన్, హోటల్ వంట, అకౌంట్లు ఇవి కూడా ఉన్నాయి. కోర్సు తెరవడానికి రెండేళ్ల ముందే స్థానిక ఐటీఐ, డిగ్రీ పిల్లలకి వీటిలో శిక్షణ మొదలైతే ఆ సీట్లలో మా వాళ్లు కూర్చుంటారు. హోటల్ వంటింటికి చేపలు మా రేవు నుంచే కొనాలి. తెప్పలు లాగే ఇసుక, వలలు ఆరేసే చోటు, సముద్రానికి వెళ్లే దారి ఎప్పటికీ తెరిచే ఉండాలి. తీరం నుంచి 500 మీటర్ల వరకు సీఆర్‌జెడ్ నిబంధనలు ఉన్నాయి. అవి హోటల్‌కి అడ్డంకులు కావు, మాకు హక్కుపత్రాలు.

ఇంకో సంగతి చిన్నాన్నే గుర్తు చేశాడు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు సముద్రంలో వేట నిషేధం. ప్రభుత్వం ఇచ్చేది 20,000 రూపాయలు. ఇల్లు గడవని కాలం అదే. మన ఎండల్లో గోల్ఫ్ ఆడేవాళ్లు కూడా తగ్గేది అప్పుడే. అంటే గోల్ఫ్ సీజనూ మత్స్యకారుడి కరువూ కలవవు. చలికాలంలో వచ్చిన లాభంలో కొంత ఆ 61 రోజుల పనికి కేటాయించాలి. పచ్చిక మరమ్మతులు, కాలువల పూడికతీత, ఒడ్డు శుభ్రం, మొక్కలు నాటడం లాంటి పనులన్నీ ఆ నెలల్లోనే పెట్టుకోవచ్చు. ఈ ఒక్క నిబంధన ఒప్పందంలో ఉంటే గోల్ఫ్ గురించి మా రేవులో మాట తీరే మారిపోతుంది.

నేను గోల్ఫ్‌కి వ్యతిరేకిని కాను. ఓడలు పోయి, మిల్లు పోయి, మిగిలిన మా ఊరికి ఏదో ఒకటి రావాలి. కానీ ఎన్ని గదులు కట్టారు, ఎన్ని కోట్లు పెట్టారు అన్నది నాకు స్కోరు కాదు. టూరిస్టు పెట్టిన ప్రతి వంద రూపాయల్లో సాయంత్రానికి భీమిలిలో మిగిలేదెంత అన్నదే స్కోరు. ప్రజాభిప్రాయ సేకరణ అని పేపర్లో చిన్న ప్రకటన వస్తే మనం పేజీ తిప్పేస్తుంటాం. ఈసారి ఆ పేజీ ఫొటో తీసి వాట్సాప్ గ్రూపులో పెడదాం. వెళ్దాం, నీళ్ల సంగతి అడుగుదాం.

మా క్లయింట్ వచ్చే నెల మళ్లీ వస్తున్నాడు. ఈసారి నేనే ప్లాన్ వేశాను. పొద్దున్న రేవులో చేపల పాట చూడటం, చిన్నాన్న వాళ్లింట్లో భోజనం, పావురాలకొండ, సాయంత్రం గోస్తనీ ఒడ్డు. భోజనానికి డబ్బు తీసుకోమంటే చిన్నమ్మ ఒప్పుకోలేదు. "ఇంటికొచ్చిన మనిసి దగ్గర డబ్బులేటి!" అంది. ఒప్పించే పనిలో ఉన్నాను. ఎందుకంటే ఈసారి లెక్క 140 దాటాలి.