తాటి తలపై మర్రి.. నీళ్లెక్కడివి?

మే నెలలో రామగుండం ఎండ 45 డిగ్రీలు దాటిందంటే గోదావరిఖని చౌరస్తా మధ్యాహ్నానికి బోసిపోతుంది. అదే ఎండలో ఊరి చివర తాటిచెట్టు మీద మర్రి మొక్క పచ్చగానే ఉంటుంది. దాని వేళ్లకు నేల అందలేదు. బొగ్గు బాయిల్లో ఊరే నీటిని పంపులు రాత్రింబవళ్లు పైకి తోడిపోస్తున్నా అందులో చుక్క కూడా అంత ఎత్తుకు చేరదు. మరి ఎట్లా బతుకుతోంది?

'తాటి రసం పీల్చి' అనేవాళ్లు చాలామందే ఉన్నారు. ఆ నింద పడాల్సింది బదనిక మీద. మామిడి కొమ్మలోకి వేరు దించి నీళ్లు గుంజుకునేది అదే. మర్రి, రావి, జువ్వి అట్లా చేయవు. అవి తాటి దగ్గర తీసుకునేది చోటు మాత్రమే.

పిడికెడు మట్టి

కొట్టేసిన కమ్మల మట్టలు తాటి మానును అంటిపెట్టుకుని మిగులుతాయి. వాటి సందుల్లో దుమ్ము, కుళ్లిన ఆకు, పిట్ట రెట్ట పేరుకుంటాయి. మర్రిపండు తిన్న కాకో, గోరింకో అక్కడ వాలి గింజను వదులుతుంది. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా కురిసే వానకు ఆ పిడికెడు మట్టి తడిసి గింజ మొలకెత్తుతుంది. వాన వెనక్కి తగ్గితే తడి నిలిచేది కొద్ది రోజులే. అసలు పరీక్ష అప్పుడు మొదలవుతుంది.

ఈ పరీక్షను వెనెజువెలా తాటిజాతి చెట్ల మైదానాల్లో దగ్గరగా చూసినవారు వృక్షశాస్త్రవేత్తలు మిషెల్ హోల్‌బ్రూక్, ఫ్రాన్సిస్ పుట్జ్. అక్కడి మర్రి తరహా చెట్లలో తాటి మీద ఉన్న మొక్కలను, నేలకు వేరు దించిన చెట్లను పోల్చి 1996లో ఫలితాలు ప్రచురించారు. జాతి ఒకటే అయినా ఆకు తీరు వేరు. చెట్టు మీది మొక్క ఆకులో పత్రరంధ్రాలు తక్కువ. ఎండాకాలంలో అవి మిట్టమధ్యాహ్నం షట్టర్లు దించే దుకాణాల్లాగా మూసుకుంటాయి. నీరు ఆవిరి కాదు. అయితే గాలి కూడా లోపలికి రాదు కాబట్టి ఆకు ఆహారం తయారు చేసుకోలేదు. ప్రాణం నిలుస్తుంది, ఎదుగుదల ఆగుతుంది. తాటి మీది మర్రి ఏళ్ల తరబడి మోకాలెత్తు దాటకపోవడానికి పెద్ద కారణం ఇదే.

వేరు నేల తాకాక

పొదుపు చేస్తూనే ఆ మొక్క సన్నటి వేరును మాను వెంట కిందికి దించుతుంది. అది మట్టిలో దిగిన నాటి నుంచి కథ మారుతుంది. కొత్త ఆకులు నీళ్లు ధారాళంగా ఖర్చు చేస్తాయి, కొమ్మలు సాగుతాయి. మరిన్ని వేళ్లు దిగి, ఒకదానికొకటి తగిలిన చోట అతుక్కుని, తాటి చుట్టూ జాలీ కడతాయి. ఆ బిగువుకే తాటి చచ్చిపోతుందనుకుంటారు. కానీ తాటికి బెరడు కింద పెరిగే పొర ఉండదు, మాను ఏటేటా లావెక్కదు. అందుకే దానికి బిగువు కన్నా పైన కమ్ముకునే నీడ, కింద నీటికి పోటీ ఎక్కువ ముప్పు.

నేల తాకిన ప్రతి ఊడా ఒక కొత్త నీటి దారి. హౌరా బొటానికల్ గార్డెన్‌లోని మహావటం మొదలు మాను తెగులు సోకి పాడైతే 1925లో తొలగించారు. ఊడలే ఆ చెట్టును ఇప్పటికీ బతికిస్తున్నాయి.

మన గోడ మీది రావి

బొగ్గు పట్టణాల్లో పాత క్వార్టర్లున్నవాళ్లకు ఈ లెక్క పనికొస్తుంది. పిట్టగోడ బీటలో, డ్రైనేజీ పైపు పక్కన రావి మొలిచిందంటే అక్కడ తడి ఉన్నట్టే. పైన కోసేస్తే లోపలి వేరు మళ్లీ చిగురిస్తుంది. అందుకే మొదట లీకేజీ ఆపాలి. ఆ తర్వాత, మొక్క లేతగా ఉండగానే వేరుతో సహా తీసి బీటను సిమెంటుతో పూడ్చాలి. తీసిన మొక్కను పారేయకుండా, వానలు పడ్డాక ఇంటికీ పైపులైన్లకూ దూరంగా ఖాళీ జాగాలో నాటితే సరి. దానికి కావలసిందల్లా వేరు దించడానికి కాస్త నేల.